లండను పానశాలలో ప్రశ్నల రాత్రి

లండను నగరమును చూచి వచ్చినవారు సాధారణముగా అచ్చటి కోటను గూర్చియు, రాజభవనమును గూర్చియు, మ్యూజియములను గూర్చియు వ్రాయుదురు. మేమును అవి యన్నియు చూచితిమి. అయినను మా సోదరీమణులకు వేరొక చోటును గూర్చి చెప్పవలెనని తోచినది. అది పానశాల. ఆంగ్లేయులు దానిని పబ్బు అందురు. అచ్చట వారమున కొక రాత్రి జరుగు ప్రశ్నల పోటీని చూచుటకై మేము వెళ్ళితిమి.

పానశాల యను మాట వినగానే మన స్త్రీలు మొగము చిట్లించుట న్యాయమే. త్రాగుడు మూలమున పుస్తెలు తాకట్టు పడిన కుటుంబములు మన దేశమున తక్కువ కావు. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలోని దూబగుంట స్త్రీలు అక్షరములు నేర్చుకొని, ఆ చదువు ఇచ్చిన ధైర్యముతో సారా మీద తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. ఆ సంగతి మరచి మేము పానశాలను పొగడబూనలేదు. మేము అచ్చట పుచ్చుకొన్నది నిమ్మరసపు సోడా మాత్రమే. మమ్ము ఆకర్షించినవి గ్లాసులు కావు, ప్రశ్నలు.

పబ్బు అనగా 'పబ్లిక్ హౌస్', అనగా నలుగురి యిల్లు. పూర్వము ఇంగ్లండున 'ఏలు' అను బార్లీ పానీయమును చాలవరకు ఆడువారే యింట కాచెడివారు. ఇంటికి చాలగా మిగిలినది ఇరుగుపొరుగులకు అమ్మెడివారు. 'బ్రూస్టర్' అను ఇంటిపేరు మొదట అట్లు కాచెడి స్త్రీని తెలుపు మాటయే. 1393లో రెండవ రిచర్డు రాజు లండనులో ఏలు అమ్మువారు గుమ్మమున గుర్తు కట్టవలెనని కట్టడి చేసెను. చదువు రానివారికి ఆ గుర్తే పేరు. నేటికిని ఎఱ్ఱ సింహము, తెల్ల జింక, కిరీటము మొదలగు బొమ్మల పలకలు పానశాలల ముందు వ్రేలాడుచుండుట చూడవచ్చును. తరువాత హాప్సు పూలు వేసి కాచిన బీరు వచ్చెను. అది చాలకాలము నిలువ యుండును గనుక పెద్ద పెట్టుబడుల వ్యాపారమై క్రమముగా పురుషుల చేతిలోనికి పోయెను. కాచుట నేర్చినది ఆడువారు. తుదకు కూర్చుండ చోటు కఱవైనదియు ఆడువారికే.

ఇది పూర్వకాలపు మాట యనుకొనవలదు. లండనులో ఫ్లీటు వీధి యను వీధి కలదు. ఇరువదవ శతాబ్దమున ఆంగ్లేయ వార్తాపత్రికల కది పుట్టినిల్లు; న్యాయస్థానములును ఆ దరినే యున్నవి. ఆ వీధిలో ఎల్ వీనో అను ద్రాక్షసారాయి యంగడి యుండెను. పత్రికలవారును న్యాయవాదులును అచ్చట బల్ల నానుకొని నిలిచి మాటలాడుకొనెడివారు. స్త్రీ యైనచో బల్ల దగ్గర నిలువరాదు. వెనుక గదిలో కూర్చుండవలెను, అచ్చటికే తెచ్చి యిత్తుమనెడివారు. టెస్ గిల్ అను న్యాయవాదియు, అన్నా కూట్ అను పత్రికా రచయిత్రియు దీనిపై వ్యాజ్యము తెచ్చిరి. 1975లో స్త్రీపురుష భేదమును నిషేధించు చట్టము వచ్చి యుండెను. క్రింది న్యాయస్థానమున ఓడిరి. 1982 నవంబరులో పై న్యాయస్థానమున గెలిచిరి.

వెనుక గదిలో కుర్చీ వేసి, అదే పానీయము నిచ్చినప్పుడు నష్టమేమని కొందరడుగవచ్చును. పత్రికలవారికి వార్తలు దొరకునది ఆ బల్ల దగ్గరనే. నలుగురు పంచుకొను సమాచారము నుండి వెలివేయుట చిన్న నష్టము కాదు. ఫ్లీటు వీధిలో నడచుచు ఈ సంగతి తలచుకొన్న తరువాతనే ఆ రాత్రి ప్రశ్నల పోటీ యొక్క విలువ మాకు బాగుగ తెలిసినది.

పానశాలలో వాదములు సహజము. ఏ నది పొడవు, ఏ గుఱ్ఱము వడిగలది, ఏ రాజు ముందు, ఏ రాజు వెనుక అని గంటలకొలది తగవులాడుదురు. 1951లో ఐర్లండులోని వెక్స్‌ఫర్డు ప్రాంతమున గిన్నెస్ బీరు కర్మాగారపు అధికారి సర్ హ్యూ బీవర్ వేటకు పోయి, యూరపులో మిక్కిలి వేగముగ నెగురు వేటపక్షి యేదియను వాదములో చిక్కుకొనెను. ఏ పుస్తకమునను జవాబు దొరకలేదు. ఇట్టి వాదములు దేశమందలి పానశాలలన్నిట జరుగుచుండునుగదా యని తోచి, వానిని తీర్చు పుస్తకమును తయారు చేయించెను. 1955లో వెలువడిన ఆ గ్రంథమే నేడు లోకమెల్ల ఎఱిగిన గిన్నెస్ రికార్డుల పుస్తకము. ఇక 1970 తరువాతి దశాబ్దమున బర్న్స్, పోర్టర్ అను నిరువురు పానశాలల జట్లను కూర్చి వారవారము పోటీలు నడపిరి. 32 జట్లతో మొదలైన యా పని వేలకొలది జట్లకు ప్రాకెను. పానశాలలవారికి దీనిలో లాభమున్నది. సోమ, మంగళ వారములలో బేరము మందముగ నుండును. ప్రశ్నలున్నచో జనము వత్తురు. ఆ స్వార్థమును మేము దాచము.

మా ఆడపడుచు లండనులోనే కాపురమున్నది. ఆమెయు, ఆమె పొరుగింటి ఆంగ్లేయ దంపతులును, మేమును కలసి యొక జట్టైతిమి. మనిషికి రెండు పౌనులు ప్రవేశ రుసుము. ఆ సొమ్మే గెలిచినవారికి బహుమానము. ఒక్కొక్క జట్టునకు కాగితము, పెన్సిలు ఇత్తురు. జట్టు తనకొక హాస్యపు పేరు పెట్టుకొనవలెను. ప్రశ్నలు చదువునాయన మైకు పట్టుకొని, సెల్‌ఫోనులు సంచులలో పెట్టుకొనుడని ముందుగనే హెచ్చరించెను. పది ప్రశ్నల కొక వరుస. ఒక వరుస చరిత్ర, ఒకటి భూగోళము, ఒకటి ఆటలు, ఒకటి బొమ్మలను చూచి గుర్తించుట, ఒకటి పాట మొదలు విని పేరు చెప్పుట. వరుస ముగియగానే కాగితములను ప్రక్క జట్టుతో మార్చుకొని, వారివి మనమును మనవి వారును దిద్దవలెను. గుమాస్తాలు, ముసలివారు, కళాశాల బాలికలు, ఒక బస్సు డ్రైవరు, ఒక తల్లీ కూతుళ్ళు అందఱును తలలు దగ్గరకు చేర్చి గుసగుసలాడుచుండిరి. ఆ గదిలో సగముమంది స్త్రీలే యుండిరి.

మా చదువరుల వినోదమునకు కొన్ని ప్రశ్నలను ఇచ్చట వ్రాయుచున్నాము. ముందు జవాబును మీరే తలచుకొని, తరువాత చదువుడు.

లోకములో మొట్టమొదట ప్రధానమంత్రి యైన స్త్రీ యెవరు? సింహళ దేశపు సిరిమావో బండారునాయకె, 1960లో. ఇంగ్లండునకు స్త్రీ ప్రధాని లభించినది 1979లో గాని కాదు.

రెండు వేర్వేరు శాస్త్రములలో నోబెల్ బహుమానము పొందిన స్త్రీ యెవరు? మేరీ క్యూరీ, 1903లో భౌతికమునకు, 1911లో రసాయనమునకు.

మోటారు కారు అద్దము మీది వానను తుడుచు సాధనమునకు 1903లో అమెరికాలో పేటెంటు పొందినదెవరు? మేరీ ఆండర్సన్ అను స్త్రీ.

ఒకే చెట్టు, ఒకే కాయ. లోని గింజ యొక దినుసు, గింజను చుట్టిన ఎఱ్ఱని పొర వేఱొక దినుసు. ఏవి? మా ప్రక్క బల్లలో ఇంజనీరు లిరువురు తల గోకుకొనిరి. మా ఆడపడుచు క్షణములో వ్రాసెను: జాజికాయ, జాపత్రి. ప్రశ్నలాయన దానికొక కథ చేర్చెను. ఆ చెట్టు ఒకప్పుడు బండా దీవులలోనే పెరిగెడిది. వానిలో రన్ అను చిన్న దీవికై ఆంగ్లేయులును డచ్చివారును పోరాడిరి. 1667 నాటి బ్రెడా సంధిలో ఆంగ్లేయులు రన్ దీవిని వదలుకొనిరి. తాము పట్టుకొనిన మన్‌హట్టన్ వారికి దక్కెను. నేటి న్యూయార్కు నడిబొడ్డు అదియే. తాంబూలములో మనము వేసికొను జాపత్రి వెనుక ఇంత చరిత్ర యున్నది.

తరువాత భాషల వరుస వచ్చెను. "బాండికూట్ అను ఇంగ్లీషు మాట ఏ భాషనుండి వచ్చినది?" అని ప్రశ్న. ఆ పేరుగల చిన్న జంతువు ఆస్ట్రేలియాలో నున్నది గనుక, అచ్చటి ఆదివాసుల భాషయే యని మా జట్టులోని ఆంగ్లేయుడు వ్రాయబోయెను. మా ఆడపడుచు ఆయన చేయి పట్టుకొని ఆపి, మా వైపు తిరిగి, "వదినా, ఇది మన పందికొక్కు కాదుటే? గాదె క్రింద కన్నాలు పెట్టే పందికొక్కు!" అన్నది. జవాబు తెలుగే. మన దేశపు పెద్ద ఎలుకకు తెలుగువారు పెట్టిన పేరును ఆంగ్లేయులు తమ నోటికి తగినట్లు మార్చుకొని, తరువాత దానిని బోలియున్న ఆస్ట్రేలియా జంతువునకు తగిలించిరి. జవాబు చదివినప్పుడు ఆ గదిలో ఇంకెవ్వరును దానిని వ్రాయలేదని తెలిసినది. ధాన్యమును కాపాడుకొన్న ఏ అవ్వయైనను ఆ మాటను చెప్పగలదు.

చివరకు మొదటి స్థానమునకు రెండు జట్లు సరిసమానమైనవి. అప్పుడు సంఖ్యను అడుగుదురు. దగ్గరగ చెప్పినవారు గెలిచినట్లు. 1666 నాటి పెద్ద అగ్నిప్రమాదమునకు గుర్తుగా కట్టిన స్తంభమునకు మెట్లెన్ని? సరియైన జవాబు 311. తల్లీ కూతుళ్ళ జట్టు మూడువందలని వ్రాసి గెలిచెను. మా జట్టునకు మూడవ స్థానము వచ్చెను.

ఇట్టి ప్రశ్నలను ఇంగ్లీషున 'ట్రివియా' అందురు. లాటినులో మూడు దారులు కలియు చోటునకు ఆ పేరు. కూడలిలో నలుగురును మాటలాడుకొను సామాన్యమైన సంగతులు గనుక క్రమముగా 'అల్పవిషయములు' అను అర్థము స్థిరపడెను. ఆడువారి మాటలకును మన దేశమున చాలకాలము అదే పేరు పెట్టిరి. నూతి దగ్గరి కబుర్లనిరి, వంటింటి ముచ్చట్లనిరి. కాని ఏది అల్పము, ఏది ఘనము అని నిర్ణయించినవారెవరు? యుద్ధము జరిగిన తేదీ విద్య యైనప్పుడు, ఆ యుద్ధమునకు కారణమైన జాజికాయ విద్య కాకపోవునా? ఆ బల్ల దగ్గర రెండింటికిని ఒక్కొక్క మార్కే.

ఇది మా యూహ మాత్రము కాదు. బ్రిటిషు బి.బి.సి. వారు 1972లో మాస్టర్‌మైండ్ అను కఠినమైన ప్రశ్నల పోటీని టెలివిజనులో ప్రారంభించిరి. మొదటి మూడు సంవత్సరములును గెలిచినవారు స్త్రీలే. 1980లో గెలిచినవాడు లండను టాక్సీ నడుపు ఫ్రెడ్ హౌస్‌గో. పట్టాలు అడుగక ప్రశ్నలే అడిగినచో, జ్ఞానము ఎవరి యింట నున్నదో బయటపడును.

మనకు పానశాల అక్కఱలేదు. భారతదేశమున పేరుపొందిన మొదటి బహిరంగ క్విజ్జును 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ నడపినది ఒక చర్చి హాలులో. మన యిండ్లలో పొడుపుకథలు విప్పుకొనుట యెన్నడో కలదు. మహిళా సమాజములో గాని, పండుగనాడు ఇంటి వసారాలో గాని నాలుగు జట్లు చేసి, ఒక్కొక్క జట్టులో అవ్వను, కోడలిని, బడిపిల్లను కలిపి కూర్చుండబెట్టుడు. ప్రశ్నకు జవాబు ఒక్కటియే యుండవలెను. దానిని పుస్తకములో సరిచూచిన పిమ్మటనే అడుగవలెను. సగము ప్రశ్నలు బడిపుస్తకములనుండి, సగము ఇంటినుండి తీయుడు. అప్పుడు ఒకరికి తెలియనిది ఇంకొకరికి తెలియును. ఎవ్వరును ఊరక కూర్చుండరు.

మొదటి ప్రశ్న మేమే యిచ్చెదము. మీ పోపుల పెట్టెను తెఱచి చూడుడు. మిరియము, ఎండుమిరపకాయ, ఇంగువ - ఈ మూటిలో మన దేశమున పుట్టినదేది? మిరియము మలబారు తీరపుది. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసు ఓడలలో వచ్చినది. ఇంగువ ఇరాను, ఆఫ్గనిస్థాను కొండలది. ఈ జవాబు మీ యింట ముందుగ ఎవరు చెప్పుదురో చూడుడు.