మాట కొఱకు నిరీక్షణ

మా చిన్నవానికి రెండేండ్లు నిండిననాడు వాని మాటలన్నియు కాగితముపై వ్రాసి చూచుకొంటిమి. అవి 6. వానిలో మూడు మాకు దక్క నితరులకు తెలియవు. ఆ వయస్సున సాధారణముగా 50 మాటలైనను వచ్చి యుండవలెననియు, రెండేసి మాటలు కూర్చి పలుకవలెననియు అంతకుముందే చదివి యుంటిమి. చదివియు ఆఱు నెలలు ఊరకుంటిమి. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ యాఱు నెలలే కారణము.

"మగపిల్లవాడు గదరా, ఆలస్యముగనే మాటాడును. మీ చిన్నాన్నకు నాలుగేండ్లకు గాని నోరు పెగలలేదు. తరువాత ప్లీడరై యెవరి నోరును పెగలనీయలేదు" అని మా పెద్దమ్మగా రనుచుండెడివారు. అందఱము నవ్వెడివారము. ఆ నవ్వు చాటున మా భయమును దాచుకొంటిమి. ఆలస్యముగ మాటాడు బిడ్డలలో పెక్కుమంది తమంతట తామే తక్కినవారి నందుకొందురన్నది నిజమే. అందుకొననివా రెవరో మాత్రము ఇంట గూర్చుండి చెప్ప నలవి కాదు.

పుట్టిన నెలలోనే వస నూఱి నాకించితిమి గదా, యిక లోటేమని మఱొకరు. వసపిట్ట యను మాట మన భాషలో నిలిచినది గాని, వస నాకిన పిల్లలందఱు వసపిట్టలు కాలేదు. ఆ కొమ్ములోని బీటా అసరోన్ అను పదార్థము హానికరమని 1968లో అమెరికా ప్రభుత్వము దానిని ఆహారమున వాడరాదని నిషేధించినదని మాకు తరువాత తెలిసినది.

తుదకు పోతిమి. వాక్చికిత్స చేయు నామె మొట్టమొదట బిడ్డ నోరు చూడక చెవులు పరీక్షింప బంపిరి. తలుపు చప్పుడునకు తిరిగి చూచు బిడ్డకు చెవు డెట్లుండునని వాదించితిమి. కొన్ని ధ్వనులు విని కొన్ని విననివా రుందురనియు, మాటలోని సన్నని ధ్వనులే వారికి జాఱిపోవచ్చుననియు చెప్పిరి. బెరా యను పరీక్షలో, వాడు నిద్రించుచుండగా తలకు తీగ లంటించి, చెవిలో టకటక ధ్వనులు వినిపించి, మెదడు స్పందించు తీరు యంత్రమున చూచిరి. మావాని చెవులు బాగుగ నున్నవి. ఇది యాలస్యమా, లోపమా యని యడిగితిమి. ఇంత చిన్నవయస్సున వెంటనే పేరు పెట్టజాలమనియు, పేరు కొఱకు ఇంటిపని ఆపవలదనియు ఆమె యనిరి.

నిజమున కామె పరీక్షించినది మమ్ము. పావుగంట బిడ్డతో ఆడుకొననిచ్చి, మేము వేసిన ప్రశ్నలు లెక్కించిరి. ఇదేమి? కాకి యేమనును? మామయ్యకు చెప్పవేమి? అవి 31. ఒక్కదానికైనను బదులు పలుకుటకు వానికి వ్యవధి యీయలేదు. చుట్టములు వచ్చినపుడెల్ల వానిని నడుమ నిలిపి మాట చెప్పుమని బలవంతపెట్టినది జ్ఞప్తికి వచ్చి తల వంచుకొంటిమి. మేము బిడ్డతో మాటాడుట లేదు, పరీక్ష చేయుచుంటిమి.

అప్పటినుండి ప్రశ్నలు మానితిమి. మన తల్లులు పసివారికై యుంచిన బువ్వ, లాల, జోజో వంటి సులువైన మాటలను మరల తెచ్చుకొంటిమి. ఇంట ఆంగ్లమే మాటాడుడని యొక బడివారు చెప్పగా వానిని వెడలగొట్టినవారము మేమే. రెండు భాషలు వినుటవలన బిడ్డకు భాషాలోపము కలుగదు. తల్లిదండ్రులకు చక్కగ రాని భాషలో మాటాడినచో మాత్రము బిడ్డ చెవిని బడు మాటలు తఱుగును. అన్నము పెట్టునపుడు సెల్‌ఫోను తీసివేసితిమి. మొదటి వారము వానికన్న మాకే కష్టమైనది.

అన్నిటికన్న కఠినము వేచియుండుట. వాడు వ్రేలు చూపకముందే నీళ్లిచ్చుట మాకు ప్రేమగ నుండెను. ఇపుడు రెండు గ్లాసులు చూపి, "పాలా? నీళ్లా?" యని, మనస్సున పది లెక్కించుచు వాని ముఖము చూచెదము. తొలినాడు వాడు రెండును పడద్రోసెను. పలుకకున్నను ఇచ్చెదము, ఆ మాట పలికి యిచ్చెదము. దప్పికగొన్న బిడ్డతో బేరమాడరాదు గదా.

వ్యయమునకు వెనుదీయు గృహస్థులకు ఒక మాట. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్వాడీ పిల్లలను ఉచితముగ పరీక్షింతురు. సికిందరాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రము కలదు.

ఒకనాడు స్నానపు వేళ పెద్దమ్మగారు చెంబు పట్టుకొని నీళ్లు పోయక నిలిచిరి. "పోయవేమి పెద్దమ్మా?" యంటిమి. "ఉండరా, ఏడు దాక వచ్చినది లెక్క" యనిరి. వాడు చెంబు వంకను, ఆమె వంకను చూచి "లా" యనెను. అది యేడవ మాటగ వ్రాసికొంటిమి. కాగితముపై నిపుడు 19 ఉన్నవి. వచ్చు నెల మరల చూపవలసి యున్నది.