సురంజన్ దాస్ రోడ్డులో ట్రాఫిక్ జామ్

మూడేళ్ళు రోజూ ఆఫీసుకి సురంజన్ దాస్ రోడ్డు మీదుగానే వెళ్ళాను. బెంగుళూరులో ఉన్నవాళ్ళకి ఆ రోడ్డు గురించి చెప్పక్కర్లేదు... స్టాండప్ మీటింగ్ మొత్తం బండి మీదే అయిపోతుంది. ఆ దాస్ గారు ఎవరో స్వాతంత్ర్య సమరయోధుడు అనుకునేవాణ్ణి. కాదు, టెస్ట్ పైలట్. మన దేశంలోనే డిజైన్ చేసి తయారుచేసిన మొదటి జెట్ ఫైటర్ హెచ్ఎఫ్-24 మారుత్‌ని 1961 జూన్ 17న తొలిసారి గాల్లోకి లేపింది ఆయనే. 1970 జనవరి 10న అదే మారుత్‌లో ఇంకో రకాన్ని పరీక్షిస్తూ కూలిపోయి చనిపోయారు.

ఇప్పుడీ గోలంతా ఎందుకంటే, 2025 నవంబర్ 21న నేను తుళ్లూరులో ఉన్నాను. మా పొలం 2015లోనే రాజధానికి ఇచ్చేశాం. నాన్న ఊరికే కూర్చోలేక తాడికొండ వైపు కౌలుకి పత్తి, మిరప వేస్తున్నాడు. ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుని టీవీ పెట్టాడు. దుబాయ్ ఎయిర్ షోలో తేజస్ కూలిపోయింది, వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయారు. ఆ వీడియోనే తిప్పి తిప్పి వేస్తున్నారు.

"అదంతా కంప్యూటరే నడుపుద్దంట గదరా? రాసింది మీవోళ్ళేనా?" అన్నాడు నాన్న.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. చురుగ్గా తిరగాలని తేజస్‌ని కావాలనే నిలకడ లేకుండా డిజైన్ చేశారు, కంప్యూటర్ లేకపోతే ఎంతటి పైలట్ అయినా నడపలేడు, అందుకే ఒకటి పోయినా ఆగకుండా నాలుగు చానళ్ళు పెట్టారు అని మొదలెట్టాను. 1998 పోఖ్రాన్ తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టి, అక్కడ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్న మనవాళ్ళని పంపేసింది. కోట హరినారాయణ గారి నాయకత్వంలో మిగతాది బెంగుళూరులోనే పూర్తి చేసుకున్నారు. 2001 జనవరి 4న రాజీవ్ కొఠియాల్ 18 నిమిషాలు ఎగిరొచ్చారు. మొదటి తేజస్ కూలింది 2024 మార్చి 12న, జైసల్మేర్ దగ్గర. అంటే 23 ఏళ్ళు!

అదే స్వీడన్ వాళ్ళ గ్రిపెన్ 1989లో ఆరో ఫ్లైట్‌కే ల్యాండింగ్‌లో పల్టీ కొట్టింది. తప్పు కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌దే. 15 నెలలు ఆపేసి, సరిచేసి, మళ్ళీ ఎగరేశారు. 1993లో స్టాక్‌హోమ్‌లో జనం చూస్తుండగా ఇంకోటి పడింది. రెండుసార్లూ లోపలున్న పైలట్ ఒక్కడే, లార్స్ రాడెస్ట్రోమ్. రెండుసార్లూ బతికాడు (ఆయుష్షంటే అదీ).

"15 నెలలా?" అన్నాడు నాన్న. "మరి నువ్వు రాసింది ఎప్పుడూ చెడలేదా?"

చెడింది. ఒకే చెల్లింపు అప్పుడప్పుడు రెండుసార్లు పోతోందని టెస్టింగ్ అమ్మాయి బగ్ పెట్టింది. మూడుసార్లు ప్రయత్నించాను, నాకు రాలేదు. శుక్రవారం రిలీజు. "కెనాట్ రీప్రొడ్యూస్" అని కొట్టి మూసేశాను. రెండు వారాలకి జనాలకి ఈఎంఐలు రెండేసి సార్లు కట్ అయ్యాయి. కాల్‌లో "టెస్టింగ్ ఏం చేస్తోంది?" అని మేనేజర్ ఆ అమ్మాయిని కడిగేస్తుంటే నేను మ్యూట్‌లో ఉన్నాను. ఆ ఏడు నాకు మంచి రేటింగే వచ్చింది.

అంతా విని నాన్న టీవీ కట్టేశాడు. "ఆ పిల్లకి చెప్పావా?"

చెప్పలేదు. సోమవారం బెంగుళూరు వచ్చాక చెప్పాను.

"నాకు అప్పుడే తెలుసు," అని తన లాప్‌టాప్ వైపు తిరిగిపోయింది.