మిరుగం ముచ్చట్లు

మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చిందంటే ఆర్మూర్‌లో రెండు తొందరలు. చెలకల్లో పసుపు విత్తనం పెట్టాలి, ఇంట్లో చేపల కూర ఉడకాలి. జూన్ 8 తెల్లారేసరికి ఊరంతా సంచులు పట్టుకుని చేపల అంగళ్ల ముందు ఉంటుంది. బొచ్చె, రవ్వ ఎట్లాగో దొరుకుతాయి. కొర్రమట్ట ధర అడిగి నవ్వుకుంటూ ముందుకు నడిచేవాళ్లే ఎక్కువ. తెలంగాణ రాష్ట్ర చేప కదా, ఆ మాత్రం బెట్టు చేస్తుంది!

హోటళ్ల దగ్గర మాత్రం ఇంకా పసుపు బోర్డు ముచ్చటే. బోర్డు కావాలని 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు పోటీకి దిగి మా నిజామాబాద్ పేరు దేశమంతా మోగించారు. 2025 సంక్రాంతికి బోర్డు మొదలైంది, అదే ఏడాది జూన్‌లో ఆఫీసు తెరిచారు. 'ఆఫీసు సరే, ధర సంగతేంది?' అన్న దగ్గర చాయ్ అయిపోతుంది.

ఇక అసలు కబురు. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా చిన్నమ్మ మనవడు ఆమె ఇంట్లో 'సీఫుడ్ బాయిల్' దావత్ పెట్టాడు. లూసియానాలో ఎండకాలం ముదరకముందే క్రాఫిష్ అనే రొయ్యలాంటి చిన్న జీవిని ఆలుగడ్డలు, మక్క కంకులతో కలిపి ఉడికించి, నీళ్లు వార్చి, బల్ల మీద కుమ్మరిస్తారు. ప్లేట్లు ఉండవు, చేతులే. "అంకాపూర్ కోడికూర చెప్తే గంటలో వస్తది గద బిడ్డా, ఉడకబెట్టుడుకు ఇంత లొల్లా?" అంది చిన్నమ్మ. జనవరి నుంచి పసుపు ఉడికించిన ఊరాయె, మరి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో సముద్రపు వేట బంద్. దావత్ ఆ రోజుల్లోనే, అందుకే ఎండ్రికాయల ఆశ వదులుకుని, భీమవరం వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన చెరువు రొయ్యలు తెచ్చారు. మక్క కంకులకు వెతుకులాటే లేదు, అంకాపూర్ రోడ్డు పక్కన ఆగితే చాలు.

ఈ వంటలో మసాలా కంటే వరస ముఖ్యం. పెద్ద బగోనలో నీళ్లు, దండిగా ఉప్పు, కారం, మన పసుపు, నిమ్మకాయ చెక్కలు, పొట్టు తీయని ఎల్లిగడ్డలు వేసి మరగనిచ్చారు. ముందు ఆలుగడ్డలు. అవి సగం ఉడికాక మక్క ముక్కలు. రొయ్యలు చిట్టచివరన, రెండు మూడు నిమిషాలకే. ఎర్రబడి కొడవలిలా వంగాయా, దించేయాలి. గుండ్రంగా చుట్టుకున్నాయంటే ఇక నమలలేం. మనవాళ్లు కూరలో రొయ్యను అరగంట మగ్గబెడతారు, అది నాకెప్పుడూ నచ్చదు. వార్చాక మనవడు వెన్నలో వేయించిన ఎల్లిపాయ కారం పైన పోశాడు. ఆ ఒక్కదానికి వందకు వంద మార్కులు.

పిల్లలు పాత పేపర్లు పరవబోతే నేను వద్దన్నాను. వేడి తడికి సిరా తిండికి అంటుతుంది. అరటాకులు పరిచి నేల మీదే కుమ్మరించాం. ముందు మక్క ముక్కలే అయిపోయాయి, రొయ్య రుచంతా వాటికే పట్టింది. తెల్ల చొక్కాతో వచ్చిన బావగారి సంగతి మాత్రం అడక్కండి, ఆర్మూర్ పసుపు పట్టుకుంటే వదలదు.

వేట నిషేధం తీరింది. శ్రావణం పడితే ఇళ్లలో నీసు బంద్, ఈలోపే ఏదైనా. చిన్నమ్మ అప్పుడే ఎండ్రికాయలకు చెప్పి పెట్టింది. ఈసారి మసాలా తానే నూరుతుందట, మనవడు బగోన కింద మంట చూసుకుంటే చాలట.