గేటు పడ్డాక... అచ్చంపేట!

రాత్రి తొమ్మిది దాటింది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరిన కారు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయింది. ముందు గేటు. గేటు అవతల చిమ్మచీకటి. 'ఇంగ పొద్దుగాల ఆరింటికే సార్' అంటాడు కాపలా మనిషి. 'పిల్లలున్నారు, ముసలోళ్లున్నారు' అని ఎంత బతిమాలినా ఆ గేటు లేవదు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా నల్లమలలో రోడ్డు పులులది, జింకలది, ఎలుగుబంట్లది. అత్యవసరమైతే తప్ప మనుషులకు ప్రవేశం లేదు.

అప్పుడు కారు వెనక్కి తిరుగుతుంది. మన్ననూరులో గది దొరికితే సరే. లేదంటే పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న అచ్చంపేట! అలా అనుకోకుండా ఆగినవాళ్లే ఆ ఊరిని ఎక్కువగా చూశారు. అనుకుని వచ్చినవాళ్లు తక్కువ. కానీ ఒకసారి ఆగి, తెల్లవారి మేడ మీదికెక్కి నల్లమల కొండల వరసను చూసినవాళ్లు మాత్రం రెండోసారి కావాలనే వస్తారు.

ఆగితేనే కనిపించే ఊరు

శ్రీశైలం వెళ్లే జాతీయ రహదారి అచ్చంపేట ఊళ్లోంచి పోదు. డిండి దాటి వచ్చిన రోడ్డు హాజీపూర్ దగ్గర మన్ననూరు వైపు తిరుగుతుంది. అచ్చంపేటకు వెళ్లాలంటే అక్కడ్నుంచి పక్కకు మళ్లాలి. అందుకే శ్రీశైలం మల్లన్నను ఇరవైసార్లు దర్శించుకున్నవాళ్లకు కూడా ఈ ఊరు బోర్డు మీద పేరుగానే తెలుసు.

ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా జనం నోట ఇప్పటికీ 'పాలమూరే'. ఓ బస్‌డిపో, ఓ మార్కెట్ యార్డు, సినిమా పోస్టర్లు, ఎరువుల దుకాణాలు, బంగారు కొట్లు, మిర్చి బజ్జీల బండ్లు... చూడ్డానికి తెలంగాణలో ఏ తాలూకా కేంద్రమైనా ఇలాగే ఉంటుంది. తేడా ఒక్కటే. ఇక్కడ ఏ వీధి చివర నిలబడ్డా కళ్లకు అడ్డంగా కొండ ఉంటుంది.

చలికాలం చివర్లో యార్డు నిండా పల్లీల కుప్పలే. పాలమూరు ఎర్రనేలల్లో పండిన వేరుశనగ ఇక్కడికి బండ్ల మీద వస్తుంది. ఆ రోజుల్లో లాడ్జి గదుల్లో సగం భక్తులకు, సగం వ్యాపారులకు! సీతాఫలాల కాలంలో బుట్టలు దిగుతాయి. వేసవిలో అడవి నుంచి తేనె, చింతపండు వస్తాయి. ఊరికి ఏ కాలం వచ్చిందో తెలుసుకోవడానికి క్యాలెండర్ చూడనక్కర్లేదు. బస్టాండ్ ముందు ఏం అమ్ముతున్నారో చూస్తే చాలు.

మేడ మీద గది

ఇక్కడ బస అంటే నక్షత్రాల హోటళ్లు ఊహించుకోవద్దు. కింద దుకాణాలు, పైన గదులు. ఇనుప కటకటాల మెట్లు. కౌంటర్‌లో ఓ పెద్ద రిజిస్టరు, దేవుడి పటం, దాని పక్కనే ఆర్టీసీ బస్సుల వేళలు రాసిన అట్టముక్క. ఆధార్ జిరాక్స్ ఇచ్చి సంతకం పెడితే తాళంచెవి చేతికొస్తుంది. గదిలో రెండు మంచాలు, ఓ ప్లాస్టిక్ కుర్చీ, గోడకు చిన్న టీవీ. వేణ్నీళ్లు కావాలంటే చెప్పాలి... బకెట్‌తో వస్తాయి. తాగునీళ్లకు వరండా చివర క్యాను.

కుటుంబంతో నాలుగు రోజులుండాలనుకునేవాళ్లు లాడ్జి కంటే 'పోర్షన్' అడగడం మేలు. ఇంటివాళ్లు కింద ఉండి, మేడ మీద రెండు గదులు, వంటిల్లు వేసి అద్దెకిస్తారు. నెలల తరబడి ఉండేది ఎక్కువగా బదిలీ మీద వచ్చిన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, అటవీశాఖ సిబ్బంది. మధ్యలో ఖాళీ దొరికితే తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన యాత్రికులకూ ఇస్తారు. బోర్డు ఉండదు. చాయ్ కొట్టులో అడగాలి. 'ఫలానా వీధిలో, వేపచెట్టు పక్కన పచ్చ గేటు' అని చిరునామా దొరుకుతుంది.

ఇంటావిడ మొదట ఊరు అడుగుతుంది. తర్వాత ఎంతమందో అడుగుతుంది. ఆ తర్వాతే అద్దె మాట! నీళ్లు ఎప్పుడొస్తాయో, మోటారు ఎప్పుడు వెయ్యాలో చెబుతుంది. కోతులకు భయపడి కిటికీకి జాలీ వేసుకోమంటుంది. 'పొద్దుగాల నాలుగున్నరకే లేపుత బిడ్డా, మీరు నిమ్మళంగ పండుకోండ్రి' అని అలారం బాధ్యత కూడా తనే తీసుకుంటుంది. పొద్దున్నే కింద నుంచి జొన్నరొట్టెలు తట్టే చప్పుడు... కాసేపటికి మేడ మీదికి రెండు రొట్టెలు, పల్లీల పచ్చడి వచ్చినా ఆశ్చర్యపోవద్దు. అవి అద్దెలో లేవు. డబ్బులిస్తే తీసుకోరు.

ఈ మర్యాద వెనక ఒక కథ ఉంది. పాలమూరు అంటే దశాబ్దాల పాటు వలసలకు మారుపేరు. ఇక్కడి పల్లెల నుంచి కూలీలు ముంబై, పుణె దాకా వెళ్లి డ్యాములు కట్టారు, కాలవలు తవ్వారు, మేడలు లేపారు. ఆ మేడల్లో వాళ్లు ఉండలేదు. రేకుల షెడ్లలో, పదిమందికి ఒక గదిలో ఉన్నారు. పరాయి ఊళ్లో తలదాచుకోవడం అంటే ఏమిటో, రాత్రిపూట తలుపు తీసే మనిషి విలువ ఏమిటో ఈ నేలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే అర్ధరాత్రి గేటు దగ్గర్నుంచి వెనక్కొచ్చిన ముఖాలను చూసి ఇక్కడ ఎవరూ విసుక్కోరు.

ఉత్తర ద్వారం

అచ్చంపేటలో దిగినవాళ్లు తెల్లారగానే వెళ్లే మొదటి చోటు ఉమామహేశ్వరం. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం. రంగాపూర్ దగ్గర్నుంచి కొండమీదికి ఘాట్ రోడ్డు ఉంది. కింద భోగమహేశ్వరం, పైన ఉమామహేశ్వరం.

గుడి చూస్తే ఎవరో కట్టినట్టు ఉండదు, కొండ తన ఒళ్లో దాచుకున్నట్టు ఉంటుంది. తలమీద ఇంత పెద్ద బండ గొడుగులా ముందుకొచ్చి నిలబడితే, ఆ గొడుగు కింద దేవుడు. బండల్లోంచి నీళ్లు బొట్టుబొట్టుగా జారుతుంటాయి. పాపనాశనం నీళ్లు ఎండాకాలంలోనూ ఆగవని భక్తులు చెబుతారు. ఏటా సంక్రాంతికి ఇక్కడ బ్రహ్మోత్సవాలు మొదలవుతాయి. రంగాపూర్‌లోనే నిరంజన్ షావలి దర్గా ఉంది. అక్కడి ఉర్సుకూ జనం బండ్లు కట్టుకుని వస్తారు. కొండమీద గంట, కొండకింద దర్గా... చలికాలంలో రెంటికీ ఒకటే దారి, చాలామందికి రెండూ ఒకటే యాత్ర.

రోడ్లు లేని కాలంలో శ్రీశైలం యాత్ర అంటే ప్రాణాలకు తెగించడమే. గుంపులుగా నడిచేవారు. ద్వార క్షేత్రం దగ్గర ఆగి, తోడు కుదిరాకే అడవిలో అడుగు పెట్టేవారు. ఆ రోజుల్లో పులి భయంతో ఆగారు. ఇప్పుడు పులి కోసం ఆపుతున్నారు. ఆగడం మాత్రం అదే చోట!

అడవిలో ఉన్నవాళ్లు

మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులో కృష్ణకు ఇవతలి భాగం రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వచ్చి, అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. నిజాం కాలపు వేట విడిది శిథిలాలున్న ఫరహాబాద్, కాకతీయ ప్రతాపరుద్రుడి పేరుతో పిలిచే కోట గోడలు, వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం జలపాతం... అన్నీ ఈ అడవిలోనే.

ఈ అడవికి అసలు ఇంటివాళ్లు చెంచులు. 1940లో క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఈ అమ్రాబాద్ పీఠభూమి మీదికి వచ్చి, చెంచుల మధ్య గడిపి, వాళ్ల మీద 1943లో పుస్తకం అచ్చువేశాడు. చుట్టపుచూపుగా వచ్చి రాసిన పుస్తకం కాదది. వాళ్ల పెంటల్లో తిరిగి, వాళ్ల గడ్డలు తవ్వే తీరు, తేనె తీసే తీరు చూసి రాసింది. ఒక చోటు అర్థం కావాలంటే అక్కడ నిద్ర చేయాలన్న మాటకు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల్... చెంచు పెంటల పేర్లు ఇలా ఉంటాయి. వాళ్లు తేనె, తపసి జిగురు లాంటివి సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. పనిమీద అచ్చంపేట వచ్చి, చీకటి పడేలోపు తిరుగు ప్రయాణమవుతారు. పట్నం వాళ్లకు రాత్రి అడవిలో పని లేదు. వీళ్లకు రాత్రి ఊళ్లో పని లేదు.

చైత్ర పౌర్ణమికి మాత్రం లెక్క మారుతుంది. సలేశ్వరం జాతర! ఏడాదిలో ఆ కొద్ది రోజులే లోయలోకి అనుమతి. రాళ్లూ రప్పలూ దాటి, కొండ అంచులు పట్టుకుని, కిందికి దిగి లింగమయ్యను చూసి రావాలి. 'వస్తున్నం లింగమయ్యా' అని దిగుతూ, 'పోయొస్తం లింగమయ్యా' అని ఎక్కుతూ వేలమంది. అక్కడ పూజారులు చెంచులే. ఆ మూడు నాలుగు రోజులూ అచ్చంపేటలో గది కాదు కదా, మెట్ల మీద చాప వేసుకునే చోటు దొరికినా అదృష్టమే. మేడలున్నవాళ్లు మేడల మీద పడుకోనిస్తారు.

గేటు తీసేస్తే?

నల్లమల ప్రశాంతంగా కనిపిస్తుంది కానీ ప్రశ్నలు లేని అడవి కాదు. యురేనియం కోసం తవ్వుతారన్న వార్తలతో 2019లో అచ్చంపేట, అమ్రాబాద్ ప్రాంతాలు అట్టుడికాయి. ఆ ఏడాది సెప్టెంబరులో తవ్వకాలు వద్దంటూ రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయినప్పుడు దేశమంతా ఈ కొండల వైపు చూసింది. వాళ్లలో చాలామంది ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పనికోసం వచ్చినవాళ్లే. వలసపోయిన పాలమూరుకు ఆ బాధ కొత్తది కాదు.

పులుల కోసం చెంచు పల్లెలను బయటికి తరలించాలన్న చర్చ మరొకటి. వెళ్లడానికి ఒప్పుకున్న కుటుంబానికి పదిహేను లక్షల రూపాయలు, లేదంటే భూమి, ఇల్లు అన్నది పథకం. కొందరు సరేనంటున్నారు. కొందరు కాదంటున్నారు. నాలుగు రోజులు గది తీసుకుని ఉండటం వేరు. పుట్టిన గూడు వదిలి శాశ్వతంగా వేరే ఇంట్లో ఉండటం వేరు.

ఇక రోడ్డు. అడవి మీదుగా వంతెనలా సాగే ఎలివేటెడ్ కారిడార్ ప్రతిపాదన కొంతకాలంగా నడుస్తోంది. అది వస్తే కింద జంతువులు, పైన వాహనాలు. రాత్రి గేటుతో పని ఉండదు. ప్రయాణం తగ్గుతుంది, వన్యప్రాణులు రోడ్డు మీద చనిపోవడం ఆగుతుందని ఒక వాదన. అన్ని స్తంభాలు పాతితే అడవికి ఏం మిగులుతుందని ఇంకో వాదన. రెంటి మధ్యలో అచ్చంపేట, మన్ననూరుల చాయ్ కొట్లు, మేడమీది గదులు ఉన్నాయి. గేటు పడితేనే వాళ్ల దగ్గర దీపం వెలుగుతుంది. ఆ సంగతి ఏ లెక్కల్లోనూ కనపడదు.

ప్రస్తుతానికి గేటు ఉంది. తొమ్మిదింటికి పడుతుంది. గదిలో లైటు ఆర్పి మేడ మీదికి వస్తే ఊరి దీపాలు ఒక్కొక్కటే మలిగిపోతాయి. కొండల వరస మాత్రం నల్లగా, నిద్రపోయిన ఏనుగుల గుంపులా మిగులుతుంది. ఆ కొండల అవతల ఈ రాత్రి ఒక్క హారన్ కూడా మోగదు. తొమ్మిది గంటల పాటు అడవికి దొరికిన ఆ మౌనం కోసం మనం ఒక రాత్రి ఆగాం... అనుకుంటే, గది అద్దె అస్సలు ఎక్కువనిపించదు!

వెళ్లాలంటే...

• హైదరాబాద్ నుంచి అచ్చంపేట సుమారు 130 కిలోమీటర్లు. ఎంజీబీఎస్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి.

• శ్రీశైలం వెళ్లేవాళ్లు మన్ననూరు గేటును రాత్రి తొమ్మిదిలోపు దాటేలా బయల్దేరాలి. లేదంటే అచ్చంపేటలోనే ఆగి, తెల్లవారి ఆరింటికి గేటు దగ్గరుంటే అడవిని పొద్దుటి వెలుగులో చూడొచ్చు.

• మన్ననూరులో అటవీశాఖ కాటేజీలున్నాయి. సఫారీతో కలిపి బస చేసే ఏర్పాటు 2021లో మొదలైంది. ముందుగా బుక్ చేసుకోవాలి.

• సలేశ్వరం జాతర, సంక్రాంతి, శివరాత్రి రోజుల్లో గదులు దొరకడం కష్టం.

• వానలు పడ్డాక మల్లెలతీర్థం బాగుంటుంది. మూడొందలకు పైగా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి.

• అడవిలో వాహనం దిగొద్దు, కోతులకు తిండి పెట్టొద్దు, ప్లాస్టిక్ పారేయొద్దు.