పడుగు కొస

వసంతము వచ్చినదన్న గృహిణికి పని వచ్చినదని యర్థము. కవులు కోకిలను విందురు గాని, మా చెవులకు వినబడునది మామిడికాయలు కొట్టు కత్తిపీట చప్పుడే. 2024వ సంవత్సరమున మా నారాయణపేట యింటికి వచ్చిన వసంతము మఱింత తొందరతో వచ్చెను. ఫిబ్రవరి 14న, వసంతపంచమినాడు, మా చిన్నవాని యక్షరాభ్యాసము. మార్చి 18న పెద్దపిల్లకు పదవతరగతి పరీక్షల యారంభము. ఏప్రిలు నెలాఖరున శుక్రమూఢము వచ్చుచున్నదనియు, ఆపై వేసవియంతయు ముహూర్తములు లేవనియు పురోహితులు చెప్పుటచే, మా ఆడబిడ్డ వివాహము శ్రీరామనవమి వెళ్లిన వారములోనే జరుపవలసి వచ్చెను. ఇవి చాలవన్నట్లు మావారికి మహబూబునగరమున నొక పాఠశాలలో పని కుదిరెను. జూను 12న బడులు తెరచునప్పటికి మా సంసారమంతయు నచ్చట నుండవలెను.

పనికి మేము వెఱవలేదు. పిల్ల పరీక్షకు పోయిన పూటనే పసుపు దంచుట, అప్పడములు వత్తుట, పెండ్లి పిలుపుల పట్టికలు వ్రాయుట. పిల్ల యింట నున్నంతసేపు పెండ్లిమాట యెవ్వరును ఎత్తరాదని నియమము. ఏప్రిలు 9న క్రోధినామ సంవత్సరపు ఉగాదిపచ్చడి తిని, మఱునాటినుండి సామాను సర్దుటకు మొదలిడితిమి.

కష్టము సామానువలన రాలేదు, అత్తగారివలన వచ్చెను. "మీరు పోండ్రి. నేను ఈడనే ఉంట" అని యామె యొక్కమాట చెప్పి, మఱి మాటాడరైరి. నలువదియేండ్లకు పైగా నామె కాపురముండిన యిల్లది. తెలుగు, కన్నడము, మరాఠీ మూడును వినవచ్చు మా యూరి అంగడిలో, మూడింటను బేరమాడగల నేర్పరి. మహబూబునగరము పరదేశము కాదు; 2019 ఫిబ్రవరి 17న మా యూరు జిల్లాకేంద్ర మగువఱకు మేమును ఆ జిల్లావారమే. అయినను ముదుసలికి దూరమనగా మైళ్లు కాదు. వాకిట తన్ను పేరుపెట్టి పలుకరించువారు లేనిచోటే యామెకు దూరదేశము.

చిన్ననాట మా తండ్రిగారు మాకు శాకుంతలము చదివించిరి. నాలుగవ యంకమున అత్తవారింటికి బయలుదేరు శకుంతల వస్త్రమును లేడిపిల్ల పట్టి లాగును. ఆ ఘట్టమున మేము కన్నీరు పెట్టని నాడు లేదు. కాని యిల్లు విడుచు పెండ్లికూతును గూర్చి కవులు వ్రాసిరే గాని, ముదిమియందిల్లు విడుచు అత్తగారిని గూర్చి యట్టి యంకము మేము చదివిన గ్రంథములలో లేదు. ఆమె కొంగు పట్టి లాగునదేదో మేమే కనుగొనవలసి వచ్చెను.

మేము వాదింపలేదు. పెట్టెలు సర్దునప్పుడు బయటపడిన పాతచీరల మూట నామె యెదుట విప్పి, "వీనితో బొంత కుట్టుద మత్తయ్యా" అంటిమి. అన్నియు మా యూరి నేతచీరలే. నారాయణపేట చేనేత చీరలకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించినదని పత్రికలు వ్రాసినవి. అత్తగారికి మాత్రము అంచు చూచిన చాలును. గళ్లు ముట్టుకొని, ఇది ఫలానా పండుగకు, ఇది ఫలానా పురుటికి, అని చెప్పుకొనుచు మెత్తబడిన చీరలను పొరలుగా పఱచి, దబ్బనము చేతబట్టిరి. పదిదినములకు వారు పలికిన మొదటి పలుకు లవే.

కుట్టుచు కుట్టుచు వారొకనాడు మగ్గము సంగతి చెప్పిరి. ఇచ్చటి పట్టుచీరల పడుగు 56 గజములు. ఒక్క పడుగున 8 చీరలు నేయుదురు. నేత ముగిసినపుడు నేతగాడు పడుగునంతయు లాగివేయడు. అచ్చులో పాతపోగుల కొసలు నిలిపియుంచి, క్రొత్తపడుగు పోగులను ఒక్కొక్కటిగా వానికి చేర్చి పెనవేయును. దీనినే అచ్చు అతుకుట యందురు. కొసలు మిగులనిచో ప్రతిపోగును మొదటినుండి అచ్చులోనికి ఎక్కింపవలెను. శ్రమకు మేర యుండదు.

పెండ్లి సుఖముగా జరిగెను. ఆడబిడ్డ అత్తవారింటికి వెళ్లెను. ఏప్రిలు 30న ఫలితములు వచ్చి, పిల్ల ఉత్తీర్ణురాలయ్యెను. బొంత మాత్రము మూడుప్రక్కల ముగిసి, నాల్గవప్రక్క మిగిలియుండెను. లారీ వచ్చులోపల ముగింపవలెనని మేము తొందరపడుచుండగా అత్తగారు మా చేయి పట్టుకొనిరి.

"దారం తెంపకు బిడ్డా. కొస అట్లనే ఉండనియ్. అక్కడ కూసోని కుడ్త."

మేమేమియు పలుకలేదు. దబ్బనమును బొంతకే గ్రుచ్చి, మడతపెట్టి, సామాను కడపట, చేతికందునట్లు ఉంచితిమి. మహబూబునగరపు అద్దెయింట పాలు పొంగించిన నాటి మధ్యాహ్నమే ఆ మడత విప్పబడినది. నాల్గవప్రక్క కుట్టు చుండగా, ఆ దబ్బనపు పని చూడవచ్చిన ప్రక్కయింటి యామెతో అత్తగారు కన్నడమున మాటాడుచుండిరి.

ఇల్లు మారవలసిన సోదరీమణులు పాత్రలు లెక్కించుటకు ముందు, ఇంటి పెద్దల చేతిలో సగముచేసిన పని యొకటి యుండునట్లు చూచుకొందురు గాక. చేతిలో పని కొస మిగిలియున్నవారు, దాని వెంబడి తామును వత్తురు.