పన్నెండడుగుల రెండంగుళాల బస్సుకి జీపీఎస్

మా బాబాయికి ఒక టూరిస్టు బస్సు ఉంది. పెళ్ళిళ్ళ సీజన్లో పెళ్ళిళ్ళకి, కార్తీకంలో పంచారామాలకి, మాఘ పౌర్ణమి దాటాక కాశీకి తిరుగుతుంది. కాశీ ట్రిప్పంటే దాదాపు పాతిక రోజులు. ముప్ఫై ఎనిమిది మంది యాత్రికులు, ఒక వంట మేస్త్రి, ఒక హెల్పరు, ఇద్దరు డ్రైవర్లు. డిక్కీలో బియ్యం బస్తాలు, గుండిగలు, పొయ్యిలు. టాపు మీద పరుపులు, సామాన్లు, వాటి మీద టార్పాలిన్. ఏ సత్రం ఆవరణలోనో బంకు పక్కనో ఆపడం, వండుకోవడం, తినడం, మళ్ళీ బయల్దేరడం. అమెరికాలో దీనికే ఏసీ బిగించి, మోటార్‌హోమ్ అని పేరు పెట్టి అమ్ముతారు. 2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ టూరిజం అని మొదలుపెడితే అదేదో కొత్త సంగతి అన్నట్టు చెప్పుకున్నారు గానీ, మా సామర్లకోట, పెద్దాపురం, పిఠాపురం వైపు జనానికి బస్సులో కాపురం పెట్టి దేశం తిరగడం ఎప్పట్నుంచో అలవాటే :)

ఈ ఏడు ఆ బస్సుకి మంచి జీపీఎస్ ఒకటి చూసిపెట్టమని బాబాయి నాకు అప్పజెప్పాడు. (సాఫ్ట్‌వేర్ ఇంజినీరంటే టీవీ రిమోట్ దగ్గర్నుంచి ఆధార్ లింకు దాకా అన్నీ మన ఖాతాలోనే. మీకు తెలియంది కాదు.)

ఇన్నాళ్ళూ ఆ అవసరం రాలేదు. ఎందుకంటే పెద్ద డ్రైవరు గారు ఉన్నారు. ఇరవై రెండు సార్లు కాశీ వెళ్ళొచ్చిన మనిషి. ఈసారి లైసెన్సు రెన్యువల్‌కి కళ్ళ పరీక్షలో ఆగిపోయారు. చిన్న డ్రైవరు చెయ్యి మంచిదే, కానీ వైజాగ్ దాటి ఎన్నడూ బండి తీసింది లేదు. పైగా పోయినేడు మా వైపు నుంచే వెళ్ళిన ఇంకో యాత్ర బస్సు ఉత్తరాదిలో ఓ రైలు వంతెన కిందకి దూరి టాపు మీది క్యారియర్ మొత్తం ఊడగొట్టుకుంది. మనుషులకేమీ కాలేదు, అదృష్టం. కానీ ముసలివాళ్ళు రెండు రోజులు రోడ్డు పక్కన చలిలో కూర్చున్నారు. ఈసారి మా బస్సులో నాలుగో నంబరు సీటు మా నాన్నమ్మది. కాబట్టి నేనూ కాస్త శ్రద్ధగానే మొదలుపెట్టాను.

మొదట ఒక అపోహ తీర్చాల్సి వచ్చింది. "బస్సులో జీపీఎస్ ఉందిగా, రిజిస్ట్రేషనప్పుడే పెట్టించాంగా" అన్నాడు బాబాయి. నిజమే, 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరైన ప్రజా రవాణా వాహనాలకి ట్రాకింగ్ పరికరం, ప్యానిక్ బటన్ తప్పనిసరి చేశారు. ఏఐఎస్-140 అంటారు దాన్ని. అది మన ఇస్రో వాళ్ళ నావిక్ ఉపగ్రహాలతో కూడా పనిచేయాలి. అంతా బాగానే ఉంది. కానీ ఆ డబ్బా మన బస్సు ఎక్కడుందో ఊరందరికీ చెబుతుంది, డ్రైవరుకి మాత్రం ఒక్క ముక్క చెప్పదు.

తర్వాత గార్మిన్. నార్త్ కరోలినాలో ఉండే మా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ వస్తూ తెస్తానన్నాడు. అమెరికాలో మోటార్‌హోమ్‌ల కోసమే వాళ్ళు ఆర్‌వీ అని ప్రత్యేకంగా మోడళ్ళు చేస్తారు. బండి ఎత్తు, వెడల్పు, పొడవు, బరువు ముందే నింపుకోవచ్చు. ఆ లెక్కన పట్టే దారిలోనే తీసుకెళ్తుంది. గ్యాస్ సిలిండరు ఉన్న బండి పోకూడని సొరంగాలు కూడా చూసుకుంటుంది. (మన దగ్గర సిలిండరు సంగతి సొరంగాలతో పోయేది కాదు. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో మంటలు లేచి 9 మంది పోయాక, బాబాయి బస్సులో సిలిండరు పెట్టడమే మానేశాడు. దిగిన చోట అద్దెకి తీసుకుంటున్నారు.)

బాబాయి ఆశగా విన్నాడు. కొన్ని వందల డాలర్లు పెట్టడానికి కూడా సిద్ధమే. ఇక్కడే నాకు పేచీ వచ్చింది. ఆ మోడల్లో వచ్చే పటాలు ఉత్తర అమెరికావి. పరికరంలో ఎత్తు నింపుకునే గడి ఉండటం ఒక ఎత్తు, ఆ ఎత్తుని పోల్చి చూడటానికి ప్రతి వంతెన కిందా ఎంత ఖాళీ ఉందో ఎవరో కొలిచి పటంలో రాసి ఉండటం ఇంకో ఎత్తు. డబ్బులు పెట్టాల్సింది ఆ రెండోదానికి, డబ్బాకి కాదు.

అన్నీ రాసి ఉన్నా ఏమవుతుందో కూడా మా క్లాస్‌మేట్ వాళ్ళ పక్క ఊరే సాక్ష్యం. అక్కడ డర్హమ్‌లో ఒక రైలు వంతెన ఉంది. ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు, అంటే 3.56 మీటర్లు. ఆ అంకె పేరుతోనే ప్రపంచ ప్రసిద్ధి. ముందు బోర్డులున్నాయి, మెరిసే దీపాలున్నాయి, అయినా లారీలు వచ్చి తల కొట్టుకుంటూనే ఉండేవి. ఎదురుగా కెమెరా పెట్టి 2008 నుంచి ఆ వీడియోలు నెట్లో పెడుతున్నాడు ఒకాయన. మోటార్‌హోమ్‌ల ఏసీ పెట్టెలు డబ్బా మూతల్లా లేచిపోవడం అందులో చూడొచ్చు. 2019లో వంతెనని ఎత్తి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు. ఆ తర్వాత కూడా గుద్దినవాళ్ళు ఉన్నారు!

ఇక ఫోన్లో ఉండే మ్యాపులు. వీటిని నేను తక్కువ చేసి మాట్లాడను. గూగుల్ వాళ్ళు 2018లో తెలుగులో దారి చెప్పడం మొదలుపెట్టాక మన డ్రైవర్లకి ఎంత సుఖమైందో చూస్తూనే ఉన్నాం. 2024 జూలైలో ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో చెప్పడం, హైదరాబాద్‌తో కలిపి 8 నగరాల్లో ఇరుకు రోడ్లని తప్పించడం కూడా తెచ్చారు. మ్యాపుల్స్‌లో జంక్షన్ బొమ్మ కనిపిస్తుంది, అదీ బాగుంటుంది. ఫ్లైఓవర్ సంగతి చిన్నది కాదు. ఫోన్ జీపీఎస్ ఆకాశం బాగా కనిపించేచోట కూడా ఓ అయిదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. పైన హైవే మీద ఉన్నామో, పక్కన సర్వీసు రోడ్డులో ఉన్నామో దానికి ఖచ్చితంగా తెలియదు. కారైతే ముందుకెళ్ళి తిప్పుకుంటాం. పదకొండు మీటర్ల బస్సుకి సరైన యూటర్న్ దొరకాలంటే ఒక్కోసారి పక్క ఊరు దాకా పోవాలి.

కానీ ఆ ఇరుకు రోడ్డు లెక్క కార్లది. బస్సు సంగతి మొన్న కార్తీకంలో తెలిసొచ్చింది. పంచారామాల ట్రిప్పులో మా ఊరి భీమేశ్వరుడి దర్శనం చేయించి, ద్రాక్షారామం పోతూ చిన్న డ్రైవరు ఫోన్లో ఏదో మ్యాపు పెట్టుకున్నాడు. నాలుగు నిమిషాలు కలిసొస్తుందని అది కాలవ గట్టు మీదకి మళ్ళించింది. గట్టు రోడ్డంటే మీకు తెలుసు కదా, ఒకవైపు కాలవ, ఒకవైపు చేను, మధ్యలో ఎదురుగా గడ్డి ట్రాక్టరు. అరగంట వెనక్కి నడిపాడు పాపం, ఆడవాళ్ళు కిటికీల్లోంచి గోవింద కొడుతుంటే. పటం ప్రకారం అది రోడ్డే. కాదని ఎవరనగలరు!

ఇలాంటివి మన దగ్గర నవ్వుకునే కథలుగా ముగియడం అదృష్టం. 2024 నవంబరులో బరేలీ దగ్గర మ్యాపు చూసుకుంటూ వెళ్ళిన కారు సగంలో ఆగిన వంతెన మీంచి రామగంగలో పడి ముగ్గురు పోయారు. అంతకుముందు వరదకి వంతెనలో కొంత కొట్టుకుపోయిందని, పటంలో మాత్రం దారి అలాగే ఉందని వార్తల్లో వచ్చింది.

సరే, ఎత్తు నింపే వీలు ఉన్న యాప్ ఏదైనా ఉందా అంటే, ఉంది. ఓస్మ్‌ఆండ్. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. లారీ ప్రొఫైల్ పెట్టుకుంటే ఎత్తు, బరువు, పొడవు ఇవ్వొచ్చు. దాని వెనక ఉన్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, 2004 నుంచి జనం రాసుకుంటున్న పటం. నేనొక పరీక్ష పెట్టాను. మా ఊరి అవతల రైలు పట్టాల కింద సబ్‌వే ఒకటి ఉంది. ఆటోలు, ట్రాక్టర్లు పోతాయి, బస్సు పోదు. దాని అవతలి ఊరికి దారి అడిగాను. ఎత్తు 3.8 మీటర్లు అని ఇస్తే సబ్‌వేలోంచే పొమ్మంది. 10 మీటర్లు అని ఇచ్చాను. అదే దారి! మా బస్సులు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన వంట మేస్త్రిని నిలబెట్టినా పదికి రాదు.

ఇది యాప్ తప్పు కాదు. అక్కడ ఎత్తు ఎంతో ఎవరూ రాయలేదు. రాయనిచోట అడ్డు లేదని అనుకుంటుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది రోజూ ఉండే తలనొప్పే. ఖాళీ గడి అంటే "తెలియదు" అని అర్థం. దాన్ని "ఎంతైనా పర్లేదు" అని చదివితే ఏమవుతుందో ఆఫీసులో అయితే రాత్రి రెండింటికి ఫోను వచ్చి చెబుతుంది. బస్సుకి చెప్పేది గడ్డర్.

అప్పుడు పెద్ద డ్రైవరు గారింటికి వెళ్ళాను. ఆయన కాస్త ముభావంగానే ఉన్నారు. "మెషిను కొంటున్నారంట కదండీ బాబూ" అన్నారు. కాసేపయ్యాక లోపలికెళ్ళి ఒక పద్దుల పుస్తకం తెచ్చారు. ఇరవై రెండు యాత్రలూ అందులో ఉన్నాయి. ఏ ఊళ్ళో ఎక్కడ నీళ్ళు పట్టుకోవచ్చు, ఎక్కడ రాత్రి ఆగకూడదు, కాశీలో బస్సు ఎక్కడ ఆపి ఆటోలు మాట్లాడుకోవాలి. వంతెనలకి అడుగులు, మీటర్లు లేవు. మూడే మాటలు. "పడింది." "టాపు దించితే పడింది." "వెనక్కి."

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే అవి కొలతలే! షెడ్డుకెళ్ళి వెదురు బొంగు, టేపు పెట్టి బస్సుని కొలిచాను. టాపు ఖాళీగా ఉంటే 10 అడుగుల 9 అంగుళాలు. సామాను కట్టాక 12 అడుగుల 2 అంగుళాలు. (రూలు ప్రకారం బస్సుకి 3.8 మీటర్లు, అంటే దాదాపు పన్నెండున్నర అడుగుల దాకా ఉండొచ్చు. లోపలే ఉన్నాం.) కాబట్టి "పడింది" అంటే ఆ వంతెన 12 అడుగుల 2 అంగుళాల కన్నా ఎత్తు. "టాపు దించితే" అంటే ఈ రెండు అంకెల మధ్య. "వెనక్కి" అంటే 10 అడుగుల 9 అంగుళాల కన్నా తక్కువ.

"అన్నీ కాదండి, కొన్నిచోట్ల పోలీసోళ్ళు వెనక్కి పంపేశారు" అన్నారాయన. సరే, వాటిని వేరు చేశాం. ఇంకో చిక్కు, ఈ బస్సు 2019లో కొన్నది. అంతకుముందు యాత్రలు పాత బస్సువి, అది అమ్మేశారు. దాని ఎత్తెంత? "మన షెడ్డు దూలానికి జానెడు కిందకి ఉండేదండి" అన్నారు. దూలం ఇంకా ఉంది. కొలిచాం.

రెండు రాత్రులు కూర్చున్నాం. ఆయన చెప్పినవాటిలో ఏ పటంలోనూ దొరకని సంగతులు కొన్ని ఉన్నాయి. బోర్డు మీద ఉన్న ఎత్తుని నమ్మకూడదు, ఎందుకంటే బోర్డు రాశాక కింద రెండుసార్లు తారు పోసి ఉంటారు. గడ్డర్ మీద కొత్త గీతలున్నాయేమో దిగి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, అనుమానం ఉన్నచోట జనాన్ని దించకూడదు. దించితే బరువు తగ్గి స్ప్రింగులు లేచి బస్సు రెండంగుళాలు పెరుగుతుంది! నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివాను, ఇది నాకు తట్టలేదు.

మొత్తం 63 చోట్లు. "ఎర్ర గుడి దాటాక, టీ కొట్టు ఎదురు" లాంటి గుర్తుల్ని ఉపగ్రహ చిత్రాల్లో వెతికి 52 పట్టుకున్నాం. ఓస్మ్‌ఆండ్‌లో వాటిని గుర్తులుగా పెట్టాను. దగ్గరకి రాగానే పేరు చదివి వినిపిస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎత్తు మాత్రం మేం స్వయంగా కొలిచినచోటే రాస్తున్నాను, అంచనాలు అందులో రాయకూడదు. మా ఊరి సబ్‌వే ఎత్తు రాసేశాను. కొన్నాళ్ళకి కొత్త పటం దించుకుని మళ్ళీ 3.8 అని ఇచ్చి అడిగితే, చుట్టూ తిప్పి తీసుకెళ్ళింది.

చివరికి కొన్నది పది అంగుళాల టాబ్లెట్, గట్టి స్టాండు, చార్జరు. ట్రాఫిక్కి గూగుల్, వంతెనలకి ఓస్మ్‌ఆండ్. గార్మిన్ వద్దన్నాను. మిగిలిన డబ్బులో కొంత పెద్ద డ్రైవరు గారికి ఇమ్మంటే, బాబాయి కాసేపు నసిగి ఇచ్చాడు. పదమూడడుగుల పీవీసీ పైపు ఒకటి తెచ్చి అడుగడుక్కీ ఎర్ర టేపు చుట్టాం. దొరకని ఆ పదకొండు చోట్లా హెల్పరు ముందు దిగి పైపు నిలబెట్టి చూస్తాడు. చూసింది చిన్న డ్రైవరు ఏ రోజుకారోజు సాయంత్రం ఫోన్ చేసి చెప్పాలి. నాక్కాదు, పెద్ద డ్రైవరు గారికి. ఆయన అప్పుడే కొత్త పద్దుల పుస్తకం కొనుక్కున్నారట.