గూటి నుండి నీటి వరకు

మహానగరాలను సందర్శించేవారు ఆకాశాన్నంటే భవనాలను, భూగర్భ రైళ్ళను చూచి అచ్చెరువొందడం సహజం. 1990ల చివరలో సాంకేతిక శిక్షణ నిమిత్తం టోక్యో వెళ్ళిన నాకు వాటన్నిటికంటె ఎక్కువగా మనస్సున నిలిచినది ఒక బాతు కుటుంబం నడిచే దారి.

టోక్యో స్టేషనుకు కొద్ది దూరంలో ఒటేమాచి అనే ప్రాంతమున్నది. బ్యాంకులు, వాణిజ్య సంస్థల ప్రధాన కార్యాలయాలు అక్కడ బారులు తీరి ఉంటాయి. దానికి పడమట చక్రవర్తి నివాసం, ఒకప్పటి ఎదో కోట. కోట చుట్టూ లోతైన కందకం, కందకం వెంట ‘ఉచిబోరి దోరి’ అనే విశాలమైన రహదారి. ఎడతెగని వాహనాల ప్రవాహం దానిది.

ఒటేమాచిలోని మిట్సుయి సంస్థ ప్రధాన కార్యాలయం ముంగిట ఒక చిన్న కృత్రిమ కొలను ఉండేది. 1980లలో ఒక అడవి బాతు ఆ కొలని గట్టున పొదల మాటున గూడు కట్టింది. పిల్లలు కొంత ఎదిగిన పిమ్మట వాటిని వెంటబెట్టుకొని రహదారి దాటి కోట కందకానికి చేరింది. అటుపై ఏటేటా ఇదే వేడుక. పత్రికలవారు, టెలివిజన్ వారు, ఉద్యోగులు గుమిగూడేవారు. పోలీసులు వాహనాలను నిలిపి దారి ఇచ్చేవారు. మేము వెళ్ళినది శరదృతువు కావడంతో ఆ నడకను కన్నులారా చూసే భాగ్యం కలుగలేదు. కాని ఆ రహదారి వెడల్పు చూచినప్పుడు, అరచేతిలో ఇమిడే పిల్లలకు అదెంతటి ప్రయాణమో అర్థమయింది. ఆ పాత భవనం నేడు లేదు; ఆ స్థలంలో 2020లో కొత్త భవన సముదాయం వెలసింది.

జపానువారు ‘కరుగమో’ అని పిలిచే ఈ బాతు మనకు పరాయిది కాదు. నల్లని ముక్కు చివర పసుపు రంగు గల దీని దగ్గరి బంధువు మన చెరువులలోనూ ఉన్నది. మన బాతుకు ముక్కు మొదట రెండు ఎర్రని చుక్కలు అదనం. నీటి లభ్యతను అనుసరించి ఇది గట్ల మీద, గడ్డి దుబ్బులలో గూడు పెడుతుంది. చెరువు పక్కన కాలనీ వెలిస్తే క్వార్టర్ల పెరడు కూడా దానికి గట్టే!

ఆడబాతు ఒక్కటే పొదుగుతుంది. గుడ్లన్నీ పెట్టిన తరువాతే పొదగడం మొదలుపెట్టడం వలన, సుమారు నాలుగు వారాలకు పిల్లలన్నీ దాదాపు ఒకేసారి బయటికి వస్తాయి. ఒకటి రెండు రోజులలోనే తల్లి వాటిని నీటికి నడిపిస్తుంది. రెండు నెలలు నిండేవరకు అవి ఎగరలేవు. కనుక గూటికీ నీటికీ మధ్యనున్న నేలే వాటి ప్రాణాలకు పరీక్ష. ఆ నేల మీద కాలువలు, కాలిబాట అంచులు, ఇనుప జాలీలు అమర్చినది మనమే.

మనం చేయగల సహాయం స్వల్పమే, కాని విలువైనది. గుడ్లను ముట్టరాదు. తల్లి మేతకు వెళ్ళినంత మాత్రాన గూటిని విడిచిపెట్టినట్లు కాదు. కుక్కలను, పిల్లులను దూరంగా ఉంచాలి. రొట్టె ముక్కలు వేయరాదు. దగ్గరలోని డ్రైను జాలీలపై సన్నని వల పరచాలి. నిట్టనిలువు గోడల తొట్టెలో దిగిన పిల్లలు తిరిగి ఎక్కలేవు. ఒక చెక్కను ఏటవాలుగా ఉంచితే చాలు. రహదారి దాటవలసివస్తే ఇరువైపులా వాహనాలను నిలిపి, దూరంగా నిలబడాలి. పిల్లలను చేతిలోకి తీసుకొంటే తల్లి బెదిరి ఎగిరిపోవచ్చు. పిల్ల డ్రైనులో పడితే మాత్రం తీసి, తల్లికి కనబడేచోట వదలాలి. తల్లి కానరాకుంటే అటవీశాఖవారికి తెలపడం మేలు.

కొత్త కాలనీలకు పటాలు గీసే ఇంజనీరు మిత్రులకు ఒక మనవి. చెరువుకు, చెట్ల వరుసకు నడుమ కాలిబాట అంచును ఒకటి రెండు చోట్ల ఏటవాలుగా కట్టించండి. దానికయ్యే సిమెంటు కొద్దిపాటిదే. చక్రాల కుర్చీలో వచ్చే పెద్దలకు, పసిపిల్లల బండికి కూడా అదే దారి పనికివస్తుంది.